మట్టి రాలిన కమలా మొక్క

తాత పోయాడని నాకు సంతలో తెలిసింది. పోయి అప్పటికి తొమ్మిది రోజులట. చింతపండు బుట్ట ముందు పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ పక్క ఆవిడతో మాట్లాడుతూ, "దొర తోటలో మొక్కల తాత ఉండీవోడు కాదేటి, ఆడెలిపోనాడు" అంది. నేను అక్కడే నిలబడి చింతపండు బేరం చేస్తున్నాను. ఎక్కడికి వెళ్లాడని అడిగాను, నా మొహం. ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఎక్కడికెల్తారు బాబూ, అందరూ ఎల్లీకాడికే" అని చింతపండు మీద ఈగలు తోలుకుంది.

మా తోటకూ తాత ఊరికీ మధ్య ఒక వాగు, ఒక మిట్ట. గాలి ఇటు తిరిగితే వాళ్ల డప్పు మాకు వినిపిస్తుంది. తొమ్మిది రోజుల కిందట వినిపించింది కూడా. ఎవరింట్లోనో పెళ్లి అనుకుని నా కాగితాలు నేను రాసుకుంటూ కూర్చున్నాను. ఒక్కరూ వచ్చి చెప్పలేదు. చెప్పవలసినంత దగ్గరివాణ్ణి కాదని వాళ్లు అనుకున్నారు. సరిగ్గానే అనుకున్నారు.

పెద్దవాళ్లు పోతే పత్రికల్లో ఫోటో వేసి రాస్తారు. ఈ తాతకు ఫోటో లేదు. బిరుదులూ లేవు. ఆయనకు తెలిసిన విద్యల్లా ఒకటే. పెరిగే మొక్కను చిన్న బుట్టలోంచి పెద్ద బుట్టలోకి ఎప్పుడు మార్చాలో, ఎలా మార్చాలో ఆయనకు తెలుసు. ఇంతోటి విద్యకు స్మృతివ్యాసమా అని మీరు నవ్వవచ్చు. ఆ విద్యను నేను ఒక్క మాటతో గంగపాలు చేశాను కనుక రాస్తున్నాను. నేను రాయకపోతే రాసే దిక్కు లేదు. నేను రాయడం న్యాయమూ కాదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

నేను పార్వతీపురం పక్కవాణ్ణి. నాలుగో ఫారం దాకా వెలగబెట్టి, ఇల్లు గడవక, అరకు కొండల్లో ఒక దొర వేస్తున్న కమలా తోటకు రైటరుగా వచ్చాను. రైటరంటే ఉత్తరాలు రాయడం ఒకటి. దొర మాట కొండవాళ్లకూ, కొండవాళ్ల మాట దొరకూ చెప్పడం రెండు. దొర యుద్ధం నుంచి తిరిగొచ్చిన మనిషి. తుపాకీ సంగతి ఎంత తెలుసో మొక్క సంగతి అంత తెలియదు. ఇక నా ఇంగ్లీషు సంగతి చెప్పనక్కరలేదు. మా ఇద్దరి మధ్యా తాత పడ్డాడు.

ఆయన్ని మొదట దగ్గరగా చూసింది మా పెరట్లో. మా ఇంటావిడ పుట్టింటినుంచి ఒక మల్లె మొక్కను మట్టికుండలో పెట్టుకుని తెచ్చుకుంది. శృంగవరపుకోట దాకా బండిలో, అక్కడినుంచి టైడా మీదుగా కావడిలో, మాకంటే సుఖంగా కొండెక్కింది ఆ మల్లె. ఎక్కిన రెండో నెలకే ఆకులు చిన్నవైపోయాయి. పొద్దెక్కేసరికి తల వేలాడేసేది. ఆవిడ రెండు పూటలా నీళ్లు పోస్తూ, కొండ నీళ్లు పడలేదని కళ్లనీళ్లు పెట్టుకునేది. తోటలో బుట్టలల్లే ముసలాయనకు మొక్కల సంగతి తెలుసని ఎవరో అంటే పిలిపించాను.

వచ్చాడు. గోచీ, మీద ఒక గొంగళి ముక్క, చెవికి ఇత్తడి పోగు. నాకు దండం కూడా పెట్టలేదు. తిన్నగా మల్లె దగ్గరికి వెళ్లి కూర్చుని, వేలి కణుపుతో కుండను కొట్టి విన్నాడు. రెండు చేతులా ఎత్తి బరువు చూశాడు. కింద చిల్లులో వేలు పెట్టి తడిమాడు.

"నీల్లు పోత్తన్నావా తల్లీ?" అన్నాడు.

"రెండు పూటలా పోస్తున్నాను తాతా. పోసినా ఇలాగే ఉంది."

"పోత్తన్నావు. అయి ఆగితేగదా! ఇలగ పోత్తే అలగ పారిపోతన్నాయి. లోపల మట్టేదీ? అంతా ఏర్లే."

మొక్క కాండాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, కుండను బోర్లించి, గుమ్మం అంచుకు ఒక్కసారి తగిలించాడు. మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. నిజంగానే మట్టి కనపడలేదు. వేళ్లు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి, కుండ లేకపోయినా కుండలాగే నిలబడ్డాయి. మా ఆవిడ అయ్యో అయ్యో అంది. తాత ఒక వెదురు పుల్లతో ఆ వేళ్లను మెల్లగా విడదీశాడు. నల్లబడినవాటిని గోటితో తుంచాడు. ఈలోగా మా ఆవిడ వెళ్లి ఇంట్లో ఉన్న పెద్ద గోలెం దొర్లించుకొచ్చింది, మళ్లీ ఇరుకు కాకుండా.

"అంతిల్లు ఎందుకమ్మా దీనికి?" అని తాత నవ్వాడు. "ఏరు పోనేని సోట తడి నిలబడిపోతాది. తడి ఆరకపోతే కుల్లిపోతాది. సుట్టూరా గుప్పెడు మట్టి పట్టీ సోటుంటే సాలు. ఆ సోటు నిండినాక మల్లీ అడుగుతాది. అప్పుడిద్దూగాని."

అడుగుతుందా, ఎలా అడుగుతుందని మా ఆవిడ పరాచికానికి అడిగింది. ఆయన పరాచికం అనుకోలేదు. వేళ్లు మడిచి చెప్పుకొచ్చాడు. పోసిన నీరు నిలవకుండా జారిపోతే అడిగినట్టు. కొత్త ఆకు పాత ఆకు కంటే చిన్నదిగా వస్తే అడిగినట్టు. కింద చిల్లులోంచి తెల్లటి వేరు తొంగి చూస్తే, ఇక గట్టిగా కేకేసినట్టు. "ఆ కేక దాకా ఉంచకూడదు తల్లీ. అలగని అడక్కముందే బేగి బేగి మార్చీకూడదు. దానికి నోరు నేదు, మనకి కల్లుండాల గదా" అన్నాడు. ఆ మల్లె ఇప్పటికీ మా పెరట్లో పూస్తోంది. మా ఆవిడ తల్లో పువ్వు చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు, చూడాలనిపించదు.

తోటలో ఆయన పని కమలా నారు. గింజలు మడిలో మొలిచాక మొక్కల్ని బుట్టల్లోకి తీయాలి. వెదురు చీల్చి బుట్టలు తనే అల్లేవాడు, మూడు రకాలు. మొదటిది గుప్పెడు మట్టి పట్టేది. రెండోది జానెడు, మూడోది మూరెడు. మూరెడు బుట్ట నిండాక మొక్క నేలలోకి వెళ్లాలి. ఒక మెట్టు దాటించి పై మెట్టు ఎక్కించడం ఆయన దగ్గర లేదు. ముందురోజు సాయంత్రం నీళ్లు పోసి, మర్నాడు మంచు విడుస్తున్న వేళ, ఎండ ముదరకుండా మార్చేవాడు. పాత బుట్టలో మట్టి ఎంతవరకు ఉందో కాండం మీద గోటితో చిన్న గీత పెట్టుకుని, కొత్త బుట్టలోనూ సరిగ్గా ఆ గీత దాకానే మట్టి పోసేవాడు. బుట్టకు తూర్పున ఒక సున్నం బొట్టు పెట్టేవాడు. మార్చాక కూడా మొక్కకు ఆ వైపు తూర్పుకే ఉండాలి. ఎందుకు తాతా అంటే, "మారిన రోజున పొద్దు కూడా మారిపోతే దానికి దిక్కు తెల్దు" అనేవాడు.

దొరకు ఇదంతా కాలయాపన అనిపించేది. నాలుగు నెలలకోసారి మొక్కలన్నీ ఒకే రోజున మార్చాలని, గోడ మీద కాలెండరులో ఎర్ర సిరాతో గుర్తులు పెట్టించాడు. నేను వెళ్లి తాతకు చెబితే పగలబడి నవ్వాడు. "నువ్వు కాయితం సూసి మార్చు, నాను బుట్ట అడుగు సూసి మారుత్తాను. ఎవుల మొక్క బతుకుద్దో సూద్దారి" అన్నాడు. నేనూ నవ్వాను. అప్పట్లో నవ్వుకునేవాళ్లం మేం.

ఆయన ఈ కొలువులోకి కూలి కోసం రాలేదు. వాగు గరువు కోసం వచ్చాడు. వాగు పక్కన ఏటవాలుగా ఉండే మెట్ట నేల అది. తోట రాకముందు తాతా, తాత తండ్రీ అందులో సామలూ చోళ్లూ పండించుకున్నారు. తోట వచ్చి కంచె వేసినప్పుడు ఆ గరువు కంచె లోపల పడిపోయింది. కాగితం ఉందా అని అడిగారు. ఆయన దగ్గర కాగితం ఎక్కడినుంచి వస్తుంది! కంచె లోపలికి రావాలంటే కూలివాడుగా రావాలి, వచ్చాడు. పని దిగగానే రోజూ ఒకసారి ఆ గరువు మీదికి వెళ్లి, మట్టి చిటికెడు నోట్లో వేసుకుని చప్పరించి, ఉమ్మేసి ఇంటికి వెళ్లేవాడు.

దొరకు ఈ సంగతి తెలిసి ఒకనాడు మంచి హుషారులో ఉండి మాటిచ్చాడు. ఈ నారు బతికి నేలలో పడితే వాగు గరువు నీకు వదిలేస్తానని చెప్పమన్నాడు. నేనే చెప్పాను తాతకు. తాత మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. మూడోసారి తన కూతుర్ని పిలుచుకొచ్చి, ఆమె ముందు చెప్పించుకున్నాడు. భర్త పోయి తండ్రి దగ్గరే ఉంటున్న మనిషి, బుట్టలకు వెదురు చీల్చిపెట్టేది. ఆమె విని, "దొర మాటా ఇది? నీ మాటా?" అని నన్నడిగింది. దొర మాటేనని ఒట్టు పెట్టుకున్నాను.

చైత్రమాసంలో ఇక్కడ పరబ్ జరుగుతుంది. వాళ్ల పెద్ద పండుగ. మగవాళ్లు వేటకు పోతారు. పండుగ ముగిసేదాకా ఎవరూ నేల మీద గునపం వేయరు. ఆ రోజుల్లో తోటకు కూలీలు రారని దొర మండిపడుతూ ఉండేవాడు. తాత మాత్రం మొక్కలకు నీళ్లు పోయడానికి పొద్దున్నే వచ్చి పోయేవాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే మదరాసు నుంచి తోట సొంతదార్లు చూడ్డానికి వస్తున్నారని తంతి వచ్చింది. ఇక దొరకు కాళ్లు నిలవలేదు. బుట్టలు నాటుగా కనిపిస్తాయట. కిరసనాయిలు డబ్బాలు తెప్పించి, మూతలు కోయించి, తెల్ల రంగు వేయించి, గుప్పెడు బుట్టల్లో ఉన్న కమలా మొక్కల్ని తిన్నగా వాటిల్లోకి మార్చమన్నాడు. బంగళా మెట్ల దాకా రెండు వరసల్లో నిలబెట్టాలట.

తాతను పిలిచాం. డబ్బాను చూశాడు, బుట్టను చూశాడు. ఒక బుట్ట తీసి, దొర కళ్లముందే బోర్లించి మొక్కను చేతిలోకి తీసుకున్నాడు. మట్టి పొడిపొడిగా వేళ్ల సందుల్లోంచి జారి కింద పడింది. చేతిలో మొక్క మిగిలింది, దారాల్లాంటి నాలుగు వేళ్లతో.

"సూడు బాబూ" అని నాతో అన్నాడు. "ఏర్లింకా బుట్టగోడకి తగల్నేదు. మట్టిని పట్టుకోనేదు. ఇప్పుడు తీత్తే ఇలగే ఇడిపోతాది. అంత డబ్బాలో ఏత్తే తడారదు, కుల్లిపోతాయన్నీ. ఓ నెల ఆగమను. నానే జానెడు బుట్టల్లోకి మారుత్తాను. పండగని కాదు సుమీ. దీనికి కావలసిన మట్టి పండక్కి ముందే తవ్వీసి పాకలో పోగెట్టినాను, అది ముట్టుకుంటే తప్పు నేదు. దొరకి ఏర్ల మాట సెప్పు."

ఇంత చక్కగా చెప్పాడు. కింద రాలిన మట్టి సాక్ష్యం ఉంది. నేను ఒక్క వాక్యం చెబితే చాలు.

దొర నావైపు తిరిగి ఏమంటున్నాడని గద్దించాడు. వేరు మట్టిని పట్టుకోవడం అన్నదాన్ని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తట్టలేదు. పండుగ అనే మాట వచ్చు. ఆ వారమంతా దొర నోట అదే వింటున్నాను. ఇది చెబితే ఆయన వెంటనే నమ్ముతాడని తెలుసు. వేళ్ల సంగతి చెప్పబోతే తడబడతాను. నువ్వు నాకు మొక్కల పాఠం చెబుతున్నావా అని నామీద పడతాడు. అప్పటికి పొద్దున ఒకసారి తిట్లు తిని ఉన్నాను. ఇన్ని ఆలోచించానని కాదు. నోట్లోకి సులువుగా వచ్చింది అనేశాను. ఇది వాళ్ల పరబ్ అండీ, మట్టి ముట్టుకోరట అన్నాను.

"పరబ్! పరబ్!" అని దొర తొడ చరుచుకుని నవ్వాడు, కోపంగా. ఆ మాట వినగానే తాత తలెత్తాడు. దొరను చూసిన కళ్లు నామీదికి తిరిగాయి. పరబ్ ఆయన సొంత మాట. ఇంగ్లీషులో చెప్పినా ఆయనకు అర్థం కావడానికి అదొక్కటి చాలు. నేను నేల చూపులు చూశాను. తాత కిందపడ్డ మట్టిని రెండు చేతులా పోగుచేసి, మొక్కను మళ్లీ అదే బుట్టలో పెట్టి, మట్టి సర్ది, బుట్టను నీడలో పెట్టి వెళ్లిపోయాడు.

శృంగవరపుకోట నుంచి కూలీలు వచ్చారు. ఒక్క రోజులో అంతా అయిపోయింది. డబ్బాల అడుగున రెండేసి మేకు చిల్లులు. మొక్కలన్నీ ఒకే ఎత్తున కనిపించడానికి పొడుగు మొక్కల్ని మెడదాకా పూడ్చారు. పొద్దునా సాయంత్రం నీళ్లే నీళ్లు. సొంతదార్లు వచ్చారు, తేనీరు తాగారు, తెల్ల డబ్బాలు చూసి మెచ్చుకున్నారు, వెళ్లారు. దొర చాలా సంతోషించాడు. నేనూ సంతోషించాను, సిగ్గులేక. తాత ఊరికే కంగారుపడ్డాడని మా ఆవిడతో అన్నాను కూడా.

రెండు వారాలు పచ్చగానే ఉన్నాయి. ఆ తరవాత కింది ఆకులు పసుపెక్కాయి. మట్టి దగ్గర కాండం నల్లబడి మెత్తనైంది. తాత వచ్చి ఒక డబ్బా వంచి వాసన చూసి, మొహం తిప్పుకున్నాడు. ఇప్పుడైనా తీసి పొడిమట్టితో చిన్న బుట్టల్లో పెడితే కొన్ని దక్కుతాయని బతిమాలాడు. ఈసారి నేను ఉన్నదున్నట్టు చెప్పాను. దొర వినే స్థితిలో లేడు. పండుగ రోజుల్లో మట్టి ముట్టించినందుకు ఈ ముసలివాడే ఏదో చేశాడని ఆయన మనసులో పడిపోయింది. ఆ పండుగను ఆయన మనసులో నాటిందెవరు? నేనే కదా. సగానికి పైగా పోయాయి. కొండ తోటమాలి పండుగ పేరుతో పని ఎగ్గొట్టి మొక్కల్ని చంపాడనీ, వాణ్ణి తీసేశామనీ మదరాసుకు ఉత్తరం వెళ్లింది. సంతకం దొరది, దస్తూరీ నాది.

వాగు గరువు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. దాని చుట్టూ ఇనప తీగ పడింది. తాత కంచె బయటే ఉండిపోయాడు.

ఏడాది తిరిగాక సంతలో కనిపించాడు. బుట్టలు అమ్ముతున్నాడు. తప్పించుకుందామనుకుంటే ఆయనే పిలిచాడు. "రైటరు బాబూ, మల్లె ఎలగుంది? ఈ ఏడు అడుగుతాది, సూసుకోమను తల్లిని" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు దొరతో తప్పు చెప్పానని అక్కడే, జనం మధ్యలోనే చెప్పేశాను.

"ఎరికే" అన్నాడు, బుట్ట అంచు మడుస్తూ.

"తెలిస్తే అప్పుడే ఎందుకు ఊరుకున్నావు తాతా? దొరతో చెప్పాల్సింది!"

ఆయన చెయ్యి ఆగింది. "నువ్వు తప్పు సెప్పినావని దొరకి సెప్పాలంటే, ఎవుల సేత సెప్పించను? నీ సేతేగదా?"

తిట్టినా బాగుండేది. అంత మెల్లగా అడిగాడు. బుట్ట ఒకటి కొన్నాను, అవసరం లేకపోయినా. అది కూడా ఆయనకు తెలిసే ఉంటుంది.

ఆ తరవాత కూడా మా ఇంటికి రమ్మంటే రాలేదు. తోట గేటు దాటనన్నాడు. మా ఆవిడే మల్లెను ఎత్తుకుని కంచె దాకా వెళ్లింది. ఆయన అటు, ఆవిడ ఇటు. తీగల సందులోంచి వేలు చూపిస్తూ ఎలా బోర్లించాలో, ఎక్కడ తట్టాలో, ఏ వేరు తుంచాలో ఏ వేరు ముట్టుకోకూడదో చెప్పి, ఆవిడ చేతనే చేయించాడు. తప్పు చేస్తే కసిరాడు, సరిగ్గా చేస్తే ఊకొట్టాడు. ఇప్పుడు మా ఆవిడ ఎవరినీ అడగక్కర్లేకుండా కుండలు మారుస్తుంది, ఇరుగుపొరుగుకు నేర్పుతుంది కూడా. నన్ను దగ్గరికి రానివ్వదు. మాకు ఆయన ఇచ్చింది ఇది. మేం ఆయనకు ఇచ్చింది పైన రాశాను.

సంతలో కబురు విన్నాక వాళ్లింటికి వెళ్లాలనుకున్నాను. ఇవాళ, రేపు అని మూడు రోజులు గడిపాను. మొహం చెల్లలేదు. నాలుగో రోజున వాళ్లే తోట గేటు దగ్గరికి వచ్చారు. తాత కూతురు, ఆమె వెనక నలుగురు మగవాళ్లు. వాళ్ల భుజాల మీద వెదురు బొంగులు, వాటికి అడ్డతీగ నారతో పేనిన తాళ్లతో కట్టిన ఒక రాయి. వాళ్లలో మనిషి పోతే అతని పేరున అతని నేలలో రాయి నిలబెడతారు. రాయిని గేటు ముందు గడ్డిలో దించి, చెమట తుడుచుకుంటూ నిలబడ్డారు.

పాత దొర తన దేశం వెళ్లిపోయాడు. ఇప్పుడున్నాయన వేరే. పెద్దవాడు, నెమ్మదస్తుడు, అరవడు. చెప్పింది చివరిదాకా వింటాడు. ఆయన వరండా దిగి గేటు దగ్గరికి వచ్చాడు.

తాత కూతురు నాతో అంది. "మా అయ్య రాయి వాగు గరువులో నిలబెడతాం. ఒక పూట పని. మొక్కలు ముట్టం. పెట్టీసి ఎలిపోతాం." అంతే. ఇంకో మాట లేదు.

ఈ ఏళ్లలో నా ఇంగ్లీషు బాగుపడింది. ఈసారి దేనికీ తడుముకోలేదు. ఆమె మాట చెప్పాను. చెప్పి అక్కడితో ఆగానా? ఆగలేదు. ఇన్నాళ్లూ గొంతులో అడ్డుపడి ఉన్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. ఆ గరువు తోట రాకముందు తాతదేననీ, మొక్కలు బతికితే తిరిగిస్తానని పాత దొర మాటిచ్చాడనీ, మొక్కలు చచ్చింది తాత వల్ల కాదనీ, తప్పు నాదనీ, వేళ్లు మట్టిని పట్టుకోలేదని ఆయన ముందే చెప్పాడనీ, అన్నీ చెప్పాను. చెబుతుంటే నాకు హాయిగా ఉంది. అబ్బ, ఎంత హాయిగా ఉందో! దేవుడి ముందు నిలబడి చెప్పుకున్నట్టుగా ఉంది.

దొర చివరిదాకా విన్నాడు. రాయి వంక చూశాడు. రెండు ప్రశ్నలు అడిగాడు, జవాబులు చెప్పాను. అప్పుడు తల అడ్డంగా ఆడించాడు. చచ్చినవాడి పేరున ఒక రాయి అయితే తనకేమీ అభ్యంతరం ఉండేది కాదన్నాడు. నేల తమదని చెప్పుకునేవాళ్లు ఆ నేలలోనే పాతే రాయి హద్దురాయి అవుతుందనీ, రేపు ఎవరైనా అధికారి వస్తే అదే సాక్ష్యమవుతుందనీ, ఆ పని తను చేయనివ్వలేననీ అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. విచారిస్తున్నానని కూడా చెప్పమన్నాడు. చెప్పి లోపలికి తిరిగాడు.

వద్దంటున్నాడని ఆమెతో చెప్పాను. ఆమె ఏడవలేదు. లోపలికి వెళ్లిపోతున్న దొరను కాక నన్నే చూస్తోంది.

"నానన్నదే సెప్పినావా బాబూ?"

"చెప్పానమ్మా. నువ్వన్నది ఒక్క ముక్క వదలకుండా చెప్పాను."

"కాదు. నాను నాలుగు ముక్కలన్నాను. నువ్వు శానాసేపు మాటాడినావు."

ఆమె ఇక నావైపు చూడలేదు. మగవాళ్లకు చేత్తో సైగ చేసింది. వాళ్లు బొంగులు భుజాలకెత్తుకున్నారు. రాయి నేల విడిచింది. నలుగురూ అడుగులో అడుగు వేసుకుంటూ వాగు దిగారు, అవతల మిట్ట ఎక్కారు, దిగి కనపడకుండా పోయారు. గేటు ముందు రాయి దించిన చోట గడ్డి మనిషి పడుకున్నంత మేర నేలకు అణిగిపోయి ఉంది. పొద్దు వాలేదాకా నేను అక్కడే నిలబడ్డాను. మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే గడ్డి లేచి నిలబడింది.